పచ్చి వార్నిష్

మా వాషింగ్ మెషిన్ మోటారు మళ్ళీ మూలగడం మొదలుపెట్టింది. తిరగదు, ఊరికే ఉండదు. స్విచ్ వేయగానే పంటి నొప్పి ఉన్న మనిషిలా ఊఁ అంటుంది, అంతే. ఇది రెండు తొట్ల పాత మెషిన్, మా వారు ఉన్నప్పుడు కొన్నది. నీళ్ళు మనమే పట్టాలి, ఉతికిన బట్టలు ఈ తొట్టిలోంచి ఆ తొట్టిలోకి మనమే వేయాలి. పక్క ఫ్లాట్ అమ్మాయి చూసినప్పుడల్లా "ఇంకా దీన్నే వాడుతున్నారేంటండీ!" అని నవ్వుతుంది. మెకానిక్‌ని పిలిస్తే గుమ్మంలోనే నిలబడి, ఆ మూలుగు విని, వెనకాల రేకు కూడా విప్పకుండా, "మోటారు పోయిందమ్మా. ఈ మోడల్‌కి పార్టులు రావు. ఎక్స్ఛేంజిలో ఇచ్చేసి కొత్తది తీసేసుకోండి" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నాడి కూడా చూడకుండా పోయిందని చెప్పేవాడు వైద్యుడెలా అవుతాడు? కాఫీ ఇచ్చి పంపేశాను. స్క్రూ డ్రైవరు తీసుకుని బాల్కనీలో పీట వేసుకుని నేనే కూర్చున్నాను. మోకాళ్ళు నొప్పి పుట్టాయి గానీ చేతులు మాత్రం భలే హుషారుగా ఉన్నాయి.

ప్లగ్గు పీకి, రేకు విప్పి, ముందు బెల్టు తీసేశాను. బెల్టు తీస్తే తప్పు తొట్టిదా మోటారుదా అన్నది తేలిపోతుంది. చక్రాన్ని చేత్తో తిప్పి చూస్తే వెన్నలా తిరిగింది, అంటే బేరింగులు బాగానే ఉన్నాయి. ఇక అనుమానం కెపాసిటర్ మీద. బీసెంట్ రోడ్డు పక్క సందులో కొత్తది తెచ్చి మార్చాను. అయినా అదే మూలుగు. మోటారు ఒంటి మీద చెయ్యి వేసి చూశాను. స్విచ్ వేసిన కాసేపటికే చెయ్యి కాలేంత వేడెక్కింది. అప్పుడు వచ్చింది వాసన. ఈ మోటారుని పోయిన నెలలోనే ఒక కొట్లో రీవైండింగ్ చేయించాం. వాళ్ళు మనకి తెలిసినవాళ్ళే, బాగా చేస్తారని మా అన్నయ్యే చెప్పాడు. వైండింగ్ అంటే మోటారు లోపల రాగితీగ చుట్లు కట్టడం. ఆ చుట్లు ఒకదానికొకటి తగిలి కాలిపోకుండా వార్నిష్‌లో ముంచి ఎండబెడతారు. ఎండిన వార్నిష్‌కి ఒక రకం వాసన, ఎండకుండా వేడెక్కిన వార్నిష్‌కి ఇంకో రకం వాసన. ఈ తేడా నా ముక్కుకి ఎవరూ చెప్పక్కర్లేదు. మోటారు ఊడదీసి, పాత పేపర్లు పరిచి, బాల్కనీలో బల్ల మీద పెట్టి, అలాగే కూర్చుండిపోయాను. ఆ వాసనకి ఎప్పటిదో కోపం కదిలింది.

మా నాన్నకి వన్ టౌన్‌లో మోటారు వైండింగ్ షాపు ఉండేది. ముందు గది షాపు, వెనక రెండు గదులూ వంటిల్లూ మా కాపురం. మా ఇంట్లో పొద్దున్నే లేచేసరికి కాఫీ వాసన కంటే ముందు వార్నిష్ వాసన తగిలేది. అమ్మ ఎంత ఘాటుగా పోపు వేసినా దాన్ని దాటేది కాదు. మా బట్టలకీ అదే వాసన, మా జడలకీ అదే వాసన, పెరుగన్నంలో కూడా అదే వాసన. బళ్ళో నా పక్కన కూర్చునే పిల్ల ముక్కు మూసుకునేది. నాన్న స్నానం చేసి, విభూతి పెట్టుకుని, ప్రతి మోటారుకీ నిమ్మకాయ దిష్టి తీసి గానీ విప్పేవాడు కాదు. శుక్రవారం షాపంతా సాంబ్రాణి పొగ. అమావాస్య నాడు వార్నిష్ డబ్బా మూత తెరవనిచ్చేవాడు కాదు. విప్పిన మోటారులోంచి కాలిన తీగ పెళ్ళగించి చుట్లు లెక్కపెట్టేటప్పుడు మాత్రం పిలిస్తే పలికేవాడు కాదు. అన్నం చల్లారిపోయినా సరే, అమ్మ తలుపు దగ్గర నిలబడి ఎదురు చూడాల్సిందే.

నా పని వెనక గదిలో. కాయిల్ చుట్టడానికి చెక్క అచ్చులుండేవి. వాటిని కొండపల్లిలో బొమ్మలు చేసే ఆయన చెక్కి ఇచ్చాడు. ఆ అచ్చుల మీద తీగని ఒక చుట్టు మీద ఇంకో చుట్టు ఎక్కకుండా, వదులు కాకుండా, మరీ బిగిసిపోకుండా చుట్టాలి. తర్వాత నూలు టేపుతో కట్టాలి. గాడుల్లో కూర్చోబెట్టిన కాయిల్ పైకి లేవకుండా వెదురు పుల్లలు చీరి దూర్చాలి. నాకు ఓణీలు వేసే వయసు వచ్చేసరికి ఈ పనంతా నా చేతికి వచ్చేసింది. అన్నయ్య నాకంటే నాలుగేళ్ళు పెద్ద. వాడి వేళ్ళు మోటువి, మనసు సినిమా హాలు మీద. అందుకని చుట్టేది నేను, ముందు గదిలో కూర్చుని రైతుల చేతిలో పెట్టేది వాడు. "మా వాడి చేతి పని చూడండి, నూలు వడికినట్టు ఉండదూ" అని నాన్న షాపులో చెప్పడం వెనక గదిలోకి వినపడేది. ఇంట్లో మాత్రం, ఎవరూ లేనప్పుడు, కాయిల్ మీద గోరు గీసి చూసి, "నీ చెయ్యేనే రాజ్యం, వీడిది కాదు" అనేవాడు. ఆ ఒక్క మాట కోసం నేను ఎన్ని వెదురు పుల్లలైనా చీరేదాన్ని. పిచ్చిదాన్ని, అదే పెద్ద బిరుదు అనుకున్నాను.

నెలలో మూడు రోజులు మాత్రం నన్ను ఆ గదిలోకి రానిచ్చేవాళ్ళు కాదు. ఆ మూడు రోజులూ వంటింటికి దూరం ఉండటం అందరిళ్ళల్లోనూ ఉన్నదే. మా ఇంట్లో రాగితీగకి కూడా దూరం ఉండాలి. ముట్టులో ఉన్న ఆడది వైండింగ్ ముట్టుకుంటే మోటారు కాలిపోతుందని నాన్న చెప్పేవాడు. వన్ టౌన్‌లో వైండింగ్ వాళ్ళందరి నమ్మకం అదే. నాకు పెరటి పక్కన కట్టెలు పెట్టుకునే చిన్న గది ఇచ్చేవాళ్ళు. చాప, చెంబు, కంచం అక్కడే. ఆ గది చూరు కిందే, గోడకి అవతల, వార్నిష్ ఆరబెట్టే ఇనప డ్రమ్ము ఉండేది. డ్రమ్ములో పెద్ద బల్బులు వెలిగించి, ముంచిన మోటారుని లోపల పెట్టి, పైన గోనెపట్టా కప్పేవాళ్ళు. ఒక రాత్రీ పగలూ ఉంచితే గానీ లోపల దాకా ఎండదు. పైపైన చూస్తే సగం పూటకే ఎండినట్టు మెరుస్తుంది. ఆ మెరుపుని నమ్మకూడదు. ఎండిందో లేదో చెప్పాల్సింది కళ్ళు కాదు, ముక్కు.

ఆ ఏడు కాలవలకి నీళ్ళు ఆలస్యంగా వదిలారు. ఉయ్యూరు వైపు నుంచి కోటయ్య గారని ఒక రైతు, నారుమడికి నీళ్ళు తోడే మోటారు కాలిపోయిందని తెచ్చి పడేశాడు. నేనే చుట్టాను దాన్ని. ఎంత ముచ్చటగా వచ్చిందో ఇప్పటికీ కళ్ళకి కనిపిస్తుంది. చుట్టడం అయిపోయిన రోజే నేను కట్టెల గదిలోకి వెళ్ళాల్సి వచ్చింది. ముంచడం, ఎండబెట్టడం అన్నయ్య మీద పడింది. నాన్న సరుకు కోసం మద్రాసు వెళ్ళాడు. మర్నాడు మధ్యాహ్నం చాప మీద పడుకుని ఉంటే గోనెపట్టా లాగిన చప్పుడు, వెంటనే ఆ వాసన. నేను గోడ దగ్గరికి వచ్చి, "అన్నయ్యా, తియ్యకు! ఇంకా పచ్చి వాసనే వస్తోంది, రేపటి దాకా ఉంచు" అని అరిచాను. అమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చి, "ఆ మూడు రోజులూ నోరు కూడా మూసుకోలేవా? ఆ గదిలోంచి మోటార్ల పేరెత్తకు" అని కసిరింది. అన్నయ్య మోటారు ఎత్తుకుని ముందు గదిలోకి వెళ్ళిపోయాడు. కాసేపటికి ముందు గదిలోంచి సబ్బు వాసన, పౌడరు వాసన వచ్చాయి. కోటయ్య గారి మనిషి మోటారు తీసుకుని వెళ్ళిపోయాడు.

నేను తలంటు పోసుకుని ఇంట్లోకి వచ్చిన రోజునే అది తిరిగి వచ్చింది. నాన్న ముందు రాత్రే మద్రాసు నుంచి వచ్చాడు. పొద్దున కోటయ్య గారి పాలేరు తెచ్చి షాపులో దించి పోయాడు. కోటయ్య గారు స్వయంగా మధ్యాహ్నం భోజనాల వేళకి వచ్చాడు. ఎండలో వచ్చిన మనిషి, కోపంతో చెమటలు కారుతున్నాయి. "ఏవయ్యా, ఇది మోటారా, కొరివా? స్విచ్ ఏసిన గంటకే పొగ. నా నారుమడి నెర్రెలిచ్చింది. నీ పేరు చెప్పి మా ఊళ్ళో ఇంకో ఇద్దరిని నీ దగ్గరికి పంపుదామనుకున్నా, ఇప్పుడు వాళ్ళకేం చెప్పమంటావు?" అని కేకలు. వీధిలో జనం ఆగిపోయారు. సోడా బండి వాడు, పక్క సైకిల్ షాపు వాళ్ళు, అందరూ మా గుమ్మం ముందే. నేను తలుపు వెనక ఉన్నాను. నాన్న తాపీగా, గొంతు కాస్త తగ్గించి, కానీ అందరికీ వినిపించేలాగే అన్నాడు: "కోటయ్య గారూ, మీ దగ్గర దాపరికం ఎందుకు. పనిలో లోపం లేదండీ. ఇంట్లో ఆడపిల్ల, ఆ రోజుల్లో ఉండి తెలియక చెయ్యి తగిలించింది. మైల పడ్డాక ఏ మోటారు నిలుస్తుంది చెప్పండి. నేనే మళ్ళీ చుట్టి, నేనే తెచ్చి బిగిస్తాను."

అంత ఎత్తున లేచిన మనిషి ఆ మాటతో చప్పున చల్లారిపోయాడు. "ఓరి నాయనోయ్, అదా సంగతి! ఆ మాట ముందే చెప్పకపోయావా. ఆడపిల్లలున్న ఇంట్లో తప్పుతాయా" అని కండువాతో మొహం తుడుచుకున్నాడు. సైకిల్ షాపులో ఎవడో కిసుక్కుమన్నాడు. నాకు భూమి చీలిపోతే బాగుండుననిపించింది. నా ఒంటి సంగతి, మా అమ్మ కూడా గొంతు తగ్గించి మాట్లాడే సంగతి, సోడా బండి వాడికి తెలిసిపోయింది. ఆ సాయంత్రం నాన్న నన్ను పిలిచి, నా మొహం చూడకుండా గోడ వైపు చూస్తూ, "ముట్టుకున్నావా?" అన్నాడు. "లేదు నాన్నా, ఒట్టు" అన్నాను. "సరేలే. ఇకనుంచి వైండింగ్ జోలికి రాకు" అన్నాడు. అమ్మ దగ్గరికి వెళ్ళి, "నేను గది దాటలేదని నీకు తెలుసు కదమ్మా, నువ్వైనా చెప్పు" అని ఏడిస్తే, "తెలుసులేవే. మగవాళ్ళ వ్యవహారం అది. నోరు మూసుకుని అన్నం తిను" అంది. తిన్నాను కూడా. ఏం చేయను, ఆకలేసింది.

మళ్ళీ నేను రాగితీగ పట్టుకోలేదు. నా అచ్చులు అన్నయ్య చేతికి వెళ్ళాయి. ఆ తర్వాత ఏ రైతు మోటారు తెచ్చినా, "మీ అమ్మాయి ముట్టుకోలేదు గదా?" అని నవ్వుతూ అడిగేవాడు, నాన్న కూడా నవ్వేవాడు. వైండింగ్‌కి మాత్రం జీతానికి మనిషిని పెట్టుకున్నారు. నేను చదువుకుని సైన్సు టీచరునయ్యాను. బోర్డు మీద మోటారు బొమ్మ గీసి పిల్లలకి ఎన్నేళ్ళు పాఠం చెప్పానో. ఒక్కరికి కూడా మా ఇంట్లో దాన్ని నా చేత్తో చుట్టానని చెప్పలేకపోయాను. నాన్న మీద కోపం ఉండేది గానీ ద్వేషం లేదు. నిమ్మకాయలు, సాంబ్రాణి, అమావాస్యలు నమ్మిన మనిషి. నేను ముట్టుకున్నాననే నిజంగా నమ్మాడు, ఆ కాలం మనిషి, ఏం చేస్తాం అనుకున్నాను. అలా అనుకోబట్టే ఆయన మంచాన పడ్డాక మా ఇంటికి తెచ్చుకుని, జావ కాచి తాగించి, ఒళ్ళు తుడిచి, చివరి దాకా చూసుకోగలిగాను. అలా అనుకోబట్టే ఏటా ఆయన తద్దినానికి అన్నయ్య ఇంటికి వెళ్ళి గారెలు, చేమదుంపల పులుసు నా చేత్తో చేసి పెడుతూ వచ్చాను.

ఈసారి తద్దినానికి రమ్మని చెప్పడానికే అన్నయ్య వచ్చాడు. షాపు ఎప్పుడో అమ్మేశాడు, ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ల కొట్టు ఉంది. వాడు గన్నవరం దగ్గర కొడుకు కట్టించిన ఇంట్లో ఉంటున్నాడు. లోపలికి వస్తూనే బాల్కనీలో నా వాలకం చూసి, "ఏమే రాజ్యం, ఈ వయసులో ఈ ఇనప సామానేంటే నీకు?" అని నవ్వుతూ కుర్చీ లాక్కున్నాడు. ఎంతైనా షాపులో పెరిగినవాడు, చూస్తూ ఊరుకోలేకపోయాడు. వైండింగ్ సందులోకి వేలు పెట్టి బయటికి తీస్తే వేలికి జిగురు సాగింది. "ఛ, లోపలంతా పచ్చి! పైన తొక్క కట్టింది, అంతే. వెధవలు, నేను చెప్పి పంపిస్తే కూడా ఇలా చేశారు. అచ్చం ఆ కోటయ్య మోటారే ఇది!" అని పగలబడి నవ్వాడు.

"ఆ కోటయ్య మోటారు లోపల పచ్చిగా ఉందని నీకెలా తెలుసు?" అన్నాను.

"తెలియకేం? పొద్దున పాలేరు తెచ్చి పడేయగానే విప్పాం కదా. నాన్న వార్నిష్ గోరుతో గీకి నా మొహానికి పూసి, చెంప పగలగొట్టాడు. సినిమాకి టైమైపోతోందని తీసేశానే, కుర్రతనం" అన్నాడు. అప్పటికి గానీ వాడికి తెలియలేదు ఏం వాగాడో. నవ్వు ఆగిపోయింది.

"అంటే కోటయ్య మధ్యాహ్నం వచ్చేసరికి నాన్నకి తెలుసు."

"తెలుసు."

"తెలిసే నా పేరు చెప్పాడు."

"ఇంకేం చెప్తాడే? సొంత కొడుకు చేతకానివాడు, పచ్చి వార్నిష్‌తో పంపాడు అని పదిమందిలో చెప్పుకుంటాడా? రేపు షాపు నడపాల్సింది నేను. నీదంటావా, నాలుగు రోజుల మాట. పెళ్ళై వెళ్ళిపోయేదానివి" అన్నాడు. ఇందులో కష్టపెట్టుకోవాల్సింది ఏముందన్నట్టే అన్నాడు. ఆ సాయంత్రం నాన్న గోడ వైపు ఎందుకు చూశాడో నాకు అప్పుడు అర్థమైంది. నేను ముట్టుకోలేదని తెలిసి, ముట్టుకున్నావా అని అడిగాడు! నేను ఒట్టు పెడుతుంటే విన్నాడు! ఆ మనిషికి నేను జావ తాగించాను. పట్టుకున్న పట్టకారు కింద పడేశాను. చచ్చిపోయిన తండ్రి మీద అంత అసహ్యం వేస్తుందని నేను ఎన్నడూ అనుకోలేదు.

"ఎల్లుండి తద్దినానికి నేను రావాలంటే ఒక పని చెయ్యి. విస్తళ్ళ ముందు అందరూ కూర్చున్నాక, ఇప్పుడు నాతో చెప్పింది వాళ్ళకి చెప్పు. రాజ్యం ముట్టుకోలేదు, నేనే పచ్చిగా తీశాను, నాన్నకి తెలుసు అని. ఆ మూడు ముక్కలు చాలు" అన్నాను.

"నీకేమైనా పిచ్చా? ఎప్పటి సంగతి! నాన్న పోయాడు, అమ్మ పోయింది, ఆ కోటయ్యా పోయే ఉంటాడు. ఇప్పుడు ఆ మాట ఎవరి కోసం చెప్పమంటావు? ఎవరున్నారని?"

"నేనున్నాను."

వాడు కాసేపు చేతి రుమాలుతో వేలికి అంటిన జిగురు తుడుచుకున్నాడు. కోడళ్ళు, మనవరాళ్ళు ఉంటారు, వాళ్ళ ముందు ఆ మాటలేం బాగుంటాయి అన్నాడు. అదీ నిజమే మరి. వాళ్ళింట్లో టీవీలో ఆ మూడు రోజుల ప్యాడ్ల ప్రకటనలు వస్తుంటే అందరూ చూస్తూనే అన్నం తింటారు, ఎవరికీ ముద్ద ఆగదు. వాడి మనవరాలు ఆ రోజుల్లో కూడా స్కూటీ వేసుకుని కాలేజీకి వెళ్ళి వస్తుంది. ఆ పిల్లని చూస్తే నాకు సంతోషంగానే ఉంటుంది, అబద్ధం ఎందుకు. కానీ తద్దినం తారీఖు దగ్గర పడితే వదిన ఇంట్లో ఆడపిల్లలందరి తేదీలూ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటుంది. మా కాలంలో కట్టెల గది ఉండేది, ఇప్పుడది లేదు. మాట పడాల్సి వస్తే ఎవరి మీద వేయాలన్నది మాత్రం ఇప్పటికీ అందరికీ తెలుసు. "ఆలోచించుకుని ఫోన్ చెయ్యి, కారు పంపిస్తాను" అని అన్నయ్య తెచ్చిన పళ్ళ సంచీ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. నేను ఫోన్ చేయలేదు. వాడూ చేయలేదు.

మర్నాడు వన్ టౌన్ వెళ్ళి తీగ, నూలు టేపు, గాడుల్లో వేసే కాగితం తెచ్చుకున్నాను. వెదురు కోసం తిరిగి తిరిగి, బుట్టలు అల్లే వాళ్ళ దగ్గర చిన్న ముక్క అడిగి తీసుకున్నాను. తద్దినం రోజు పొద్దున్నే స్నానం చేసి మోటారు ముందు కూర్చున్నాను. కళ్ళజోడు మీద భూతద్దం పెట్టుకున్నా చుట్టు మీద చుట్టు ఎక్కేస్తోంది. విప్పడం, మళ్ళీ చుట్టడం. ఎన్నిసార్లని! ఒకప్పుడు చూడకుండా చుట్టిన వేళ్ళు ఇప్పుడు చూసినా మాట వినడం లేదు. ఈ చేతులకి పని తెలిసిన రోజుల్లో పని లాగేసుకున్నారు కదా అని ఏడుపొచ్చింది. ఏడుస్తూనే చుట్టాను. మధ్యాహ్నానికి మొదటి కాయిల్ ఒక రూపానికి వచ్చింది. అప్పుడు వదిన ఫోన్ చేసింది.

"రాజ్యం, ఎలా ఉందమ్మా ఒంట్లో? జ్వరం బాగా ఎక్కువగా ఉందటగా, లేవలేకుండా ఉన్నావట. మీ అన్నయ్య వచ్చినవాళ్ళందరికీ చెప్పి ఎంత బాధపడుతున్నారో. ఈసారి గారెలు నీ చేతి గారెల్లా రాలేదు. అందరూ నిన్నే అడుగుతున్నారు" అంది.

"అందరూ అక్కడే ఉన్నారా వదినా?"

"ఆఁ, ఇప్పుడే కూర్చున్నారు, వడ్డిస్తున్నాం."

"అయితే ఫోన్ స్పీకర్‌లో పెట్టు, పలకరిస్తాను."

పెట్టింది. గిన్నెల చప్పుడు, పిల్లల గోల, ఎవరో పులుసు అడగడం వినిపించింది. గొంతు సవరించుకున్నాను. "నేను రాజ్యాన్ని. నాకు జ్వరం లేదు. ఆనాడు కోటయ్య గారి మోటారు నేను ముట్టుకోలేదు. అన్నయ్య పచ్చిగా ఉండగానే డ్రమ్ములోంచి తీశాడు, అందుకే కాలింది. అది నాన్నకి తెలుసు. తెలిసే నా పేరు చెప్పాడు" అన్నాను. ఒక్క మాట కూడా తడబడలేదు.

"ఏ మోటారు? ఏమంటోంది అత్తయ్య?" అని ఏదో ఆడపిల్ల గొంతు అడిగింది. తర్వాత అన్నయ్య గొంతు, తాపీగా, కాస్త తగ్గించి, కానీ అందరికీ వినిపించేలాగే అంది:

"పాపం, జ్వరంలో ఏదో మాట్లాడుతోంది. పెట్టెయ్యి."